బుట్ట ఖాళీ అయ్యేదాకా

అమ్మ తర్వాత అమ్మ లాంటి అక్కకి,

ముందుగా నీ గుండెదడ తగ్గే మాట రాస్తాను. నీ కూతురు తింటోంది, పడుకుంటోంది, విమానంలో కిటికీ పక్క సీటు కోసం టీచరమ్మతో పోట్లాడి మరీ గెలిచింది. ఇక నా సంగతి అంటావా, దిగిన దగ్గర్నుంచీ నోరు మూసుకునే ఉన్నాను. నమ్మవు కదూ! కిక్కిరిసిన బస్సుని ఒక్క కేకతో వెనక్కి జరిపించే కండక్టరుని. ఈ దేశంలో కాలు పెట్టగానే ఆ నోరు చెల్లని నోటైపోయింది. రొట్టెల కొట్లో కూడా వేలుపెట్టి చూపించి కొనుక్కుంటున్నాను. మీ మరిదికి ఈ సంగతి చెప్పకు, పండగ చేసుకుంటాడు.

ఫోనుండగా ఈ కాగితాలేమిటని అనుకుంటున్నావేమో. ఫోన్లో మాట్లాడితే నీ కూతురు, మన చిలక, పక్కనే ఉంటుంది. దానికి ఆ పేరు ఊరికే పెట్టామా? మనమిద్దరం అనుకున్న ప్రతి మాటా మర్నాడు టీచరమ్మకి పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుంది. అందుకే రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

బడివాళ్ళు చిలకని పని నేర్చుకోమని పెట్టిన చోటు ఒక హోటలు అడుగున, నేల కింద. మెట్లు దిగుతుంటేనే వేడి మొహానికి కొడుతుంది. పై అంతస్తుల నుంచి విడిచిన గుడ్డలు ఒక పెద్ద గొట్టంలోంచి ధబధబా వచ్చి పడుతుంటాయి. ఉతికే మిషన్లు ఒక వరస, ఆరబెట్టేవి ఒక వరస. దుప్పట్లని ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని వేడి రోలరుకి అందిస్తారు. మన చిలకది చివరి బల్ల. తువ్వాళ్ళు మడతపెట్టడం దాని పని. నిలువునా మూడు మడతలు, అడ్డంగా రెండు, హోటలు గుర్తు పైకి కనపడాలి. బడిలో నేర్పింది అదే, ఇంట్లో నువ్వు రోజూ చేయించిందీ అదే.

కన్నవాళ్ళు తోడు రాకూడదన్న రూలు చూసి నువ్వు అన్నం మానేసినంత పని చేశావు కదా. "కన్నవాళ్ళ చేతులు ఊరుకోవమ్మా, పిల్ల చెయ్యాల్సిన పని వాళ్ళే చేసేస్తారు" అని టీచరమ్మ అంటే నీకు కోపమొచ్చింది. ఇప్పుడు నాకు తెలుస్తోంది, పిన్ని చేతులూ ఊరుకోవు. నేలమీద ఒక పసుపు గీత గీశారు. తోడొచ్చినవాళ్ళం దానికి ఇవతల కుర్చీలో కూర్చోవాలి. పిల్ల తప్పు చేసినా, ఏడ్చినా గీత దాటకూడదు. టీచరమ్మ పాపం ఒక్కర్తే. బడి పిల్లలు కొందరు బేకరీలో, కొందరు మొక్కల తోటలో ఉన్నారు. అందరి దగ్గరికీ తిరిగి మా దగ్గరికి రోజు విడిచి రోజు వస్తుంది.

అసలు సంగతి ఇంకా రాయనేలేదు. ఇక్కడి సూపర్వైజరమ్మకి చిలకంటే ముచ్చటైపోయింది. "ఇలా పనిచేసే పిల్లని నేనింతవరకూ చూడలేదు" అందట. టీచరమ్మ నాకు తెలుగులో చెప్పింది. మన ఊళ్ళో బస్టాండు వెనక కడుతున్న హోటలు కూడా వీళ్ళదేనట. ఇక్కడ ఆఖర్న పెట్టే పరీక్ష పాసైతే అక్కడి లాండ్రీలో ఉద్యోగం ఇస్తారట. నిజం ఉద్యోగం అక్కా, జాలిపడి ఇచ్చేది కాదు. ఆ మాట విన్నప్పుడు నువ్వు పక్కన లేవే అని నాకు ఏడుపొచ్చింది.

ఒక్కటే చిన్న చిక్కు. బడిలో దానికి బొమ్మల పట్టీ పెట్టి నేర్పారు కదా, ఆఖరి బొమ్మలో ఖాళీ బుట్ట ఉంటుంది. బుట్ట ఖాళీ అయితే పని అయిపోయినట్టు, అప్పుడే లేవాలి అని. ఎంత బాగా నేర్చుకుందంటే, బుట్ట బోర్లించి చప్పట్లు కొట్టించుకునేదాకా కదిలేది కాదు. ఇక్కడ బుట్ట ఖాళీ అవదు. సగం అయ్యేసరికి ఆరబెట్టే మిషను దగ్గరుండే మీసాలాయన మళ్ళీ ఒక మోపు తెచ్చి గుమ్మరిస్తాడు. భోజనం గంట కొడితే అందరూ వెళ్ళారు, ఇది వెళ్ళలేదు. గీత ఇవతల నుంచి పిలిచాను. "బుట్ట ఖాళీ అవలేదు పిన్నీ" అంది, నా వంక చూడకుండానే. సాయంత్రం వాళ్ళు దీపాలార్పితే గానీ కదల్లేదు.

రేపు టీచరమ్మ వస్తే చెబుతాను. సర్దుకుంటుందిలే. నువ్వు కంగారుపడకు.

నీ నోరులేని చెల్లెలు

అక్కా,

సర్దుకోలేదు. ఇన్నాళ్ళూ ఫోన్లో "అంతా బావుంది" అన్నదంతా అబద్ధం. మింగలేక కక్కలేక తిరిగాను. ఇక దాచడం నా వల్ల కాదు, అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

టీచరమ్మ కొత్త బొమ్మ గీసి బల్లకి అతికించింది, గంట, పక్కన కంచం. చిలక దానివంక చూసి "గంట, కంచం" అని చక్కగా చదివింది. గంట కొట్టింది. మళ్ళీ ఇంకో తువ్వాలు తీసుకుంది. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ చేయించమని సూపర్వైజరమ్మని అడిగితే, పైన గదులకి తువ్వాళ్ళు చాలవు, వేడిగుడ్డలు మిషన్లో ఉంచితే ముడతలు పడతాయి, ఒక్కళ్ళ కోసం వరసంతా ఆపలేనంది. ఆవిడ చెడ్డది కాదక్కా. ఆవిడ నెత్తిన ఆవిడ పైవాళ్ళున్నారు. మీసాలాయన జాలిపడి ఒకరోజు మోపు తేవడం ఆలస్యం చేశాడు. పైనుంచి ఫోనొచ్చింది, అతనికి చివాట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి అతను మా వైపు చూడకుండా గుమ్మరించి పోతున్నాడు.

టీచరమ్మ నా పక్కన కూలబడి అంది: "నేర్పడానికి రెండేళ్ళు పట్టిందమ్మా. మాన్పించమంటే నాకింకో రెండేళ్ళు కావాలి. ఇక్కడ ఉండేదేమో కొద్ది రోజులు."

అన్నం లేకపోతే పోనీ, సాయంత్రం రెండింతలు పెడుతున్నాను. దానికంటే పెద్దది ఇంకొకటుంది. ఇంట్లో నువ్వు అడుగుతావు, బడిలో ఆయమ్మ అడుగుతుంది, "బాత్రూముకి వెళ్దామా" అని. ఇక్కడ అడిగేదాన్ని నేనే. నేనేమో గీత ఇవతల. అరిచి అడిగినా జవాబు అదే, బుట్ట ఖాళీ అవలేదు. మొదటి రోజులు ఎలాగో గడిచాయి. మొన్న గడవలేదు. నిలబడ్డచోటే తడిసిపోయిందక్కా. లాగు తడిసి, బూట్లు తడిసి, నేలమీద మడుగు కట్టింది. అయినా చేతులు ఆగలేదు. మూడు మడతలు, రెండు మడతలు, గుర్తు పైకి. రోలరు దగ్గరున్న అమ్మాయి ముక్కు మూసుకుంది. ఇంకొకత్తె కిసుక్కున నవ్వింది. మన చిలక తలెత్తి చూసి, ఆ నవ్వుని అచ్చం అలాగే తిరిగి నవ్వింది. అక్కడున్నవాళ్ళందరూ ఇంకా నవ్వారు.

సాయంత్రం దీపాలార్పాక కడిగి, బట్టలు మార్చి తీసుకొచ్చేసరికి సూపర్వైజరమ్మ ఒక పాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్దవాళ్ళకి వేసే డైపర్లు. వాళ్ళమ్మకీ ఇవే వాడిందట, పిల్ల పని చెడకుండా ఉంటుంది, పరీక్ష అయ్యేదాకా వెయ్యమంటోందని టీచరమ్మ తెలుగులో చెప్పింది. ప్రేమగానే ఇచ్చింది. ఆవిడ ప్రేమగా ఇవ్వకుండా విసిరికొట్టి ఉంటే బావుండేది, నేనూ నాలుగు తిట్టేదాన్ని, ఆవిడకి అర్థమైనా కాకపోయినా.

అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న చిలక మళ్ళీ బల్ల దగ్గర నిలబడగానే గీత దాటేశాను. బల్ల దగ్గరికి పోయి బుట్టని లాక్కుని తలుపు వైపు తోసుకెళ్ళాను. ఖాళీ చేస్తే సరిపోతుంది కదా, మొత్తం కుమ్మరించేద్దామనుకున్నాను. చిలక కేక పెట్టింది. అలాంటి కేక దాని చిన్నప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే. నుదురు బల్లకేసి కొట్టుకుంది. బుట్ట తిరిగి తెచ్చి పెట్టేదాకా కొట్టుకుంటూనే ఉంది. బొప్పి కట్టింది, రక్తం రాలేదు, భయపడకు. బుట్ట రాగానే కళ్ళు తుడుచుకోకుండానే మడతలు మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు ఆ కుర్చీ కూడా లేదు. తలుపు బయట నిలబడాలి. తలుపుకి గుండ్రని అద్దం ఒకటుంది, అందులోంచి చూస్తాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికి తీసుకొచ్చెయ్యనా, పరీక్ష లేదు, ఉద్యోగమూ లేదు. ఉంచనా, ఆ డైపరు వెయ్యాలి. పాకెట్టు మంచం కింద పెట్టాను, ఇంకా విప్పలేదు. నువ్వు ఏదంటే అది. తల్లివి నువ్వు.

నీ చెల్లెలు

చెల్లీ,

వెయ్యి.

రాక్షసి అనుకుంటే అనుకో. నేనూ ఉత్తరం చదివి ఏడ్చాను, ఏడుపు అయ్యాకే రాస్తున్నాను. దాన్ని వెంటబెట్టుకుని నేను ఎన్ని కొట్లు ఎక్కానో నీకు అంతా తెలియదు. పొట్లాలు కట్టే పనైనా ఇవ్వండి బాబూ అని అడిగితే, "అయ్యో పాపం" అని దాని చేతిలో చాక్లెట్టు పెట్టి పంపేవాళ్ళు. ఇరవై ఏళ్ళ దానికి చాక్లెట్టు! నా కూతురు పనిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆ సూపర్వైజరమ్మ. ఆవిడ చెప్పినట్టు చెయ్యి.

తప్పు ఎవరిదని వెతకను. బొమ్మల పట్టీ బడివాళ్ళు ఇచ్చారు, జేబురుమాళ్ళతో ఇంట్లో రోజూ రుద్దించింది నేను. అది లేచి పారిపోకుండా ఒకచోట కుదురుగా నిలబడాలని కదా అందరం మొక్కుకున్నాం. నిలబడింది. ఇప్పుడు ఎందుకు నిలబడ్డావే అని దాన్ని ఏ మొహంతో అడగను?

ఇంకొక మాట. నీకు బాధ కలిగితే కలగనీ. నువ్వు కండక్టరువి అయ్యాక డ్యూటీలో నీళ్ళు తాగడం మానేశావు. దారిలో ఆడవాళ్ళకి చోటు ఉండదని, ఉన్నా డ్రైవరు ఆపడని. రెండుసార్లు జ్వరమొచ్చి మంచాన పడితే నేనే వచ్చి చాకిరీ చేశాను. అప్పుడు నిన్ను ఎవరైనా ఉద్యోగం మానెయ్యమన్నామా? "చూశావా, ఎంత ఓపికో" అని నలుగురికీ చెప్పుకున్నాం. పని చేసుకు బతికేవాళ్ళందరూ ఏదో ఒకటి బిగబట్టుకునే బతుకుతున్నారు. నా కూతురికి బిగబట్టడం కూడా చేతకాదు కాబట్టి ఒక గుడ్డ అడ్డం. అంతేగా?

నేను పోయిన మర్నాడు దానికి వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి. పొద్దున్నే లేచి తయారై వెళ్ళే చోటు. అది తప్ప నాకేమీ అక్కర్లేదు. పౌడరు వెయ్యడం మర్చిపోకు, చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది దానికి.

మీ అక్క

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీళ్ళ సంగతి నువ్వు ఎత్తుతావని అనుకోలేదు. చదివాక సీసా ఎత్తి గటగటా తాగాను, ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

నువ్వన్నట్టే వేశాను. అందరూ సుఖపడ్డారు. సూపర్వైజరమ్మ నన్ను చూసి నవ్వింది, రోలరు దగ్గరి అమ్మాయిలు ముక్కులు మూసుకోవడం మానేశారు. చిలక మాత్రం కాళ్ళు ఎడంగా వేసి నడవడం మొదలుపెట్టింది. పౌడరు వేసినా తొడలు ఒరిసిపోయాయి. ఒకరోజు పొద్దున్న వేస్తుంటే, "ఇది పాపాయిలది" అంది. "పెద్దవాళ్ళకీ ఉంటాయే" అన్నాను. "ఇది పాపాయిలది పిన్నీ" అని మళ్ళీ అంది. ఎవరో అన్న మాట తిరిగి చెబుతోందనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇక్కడ తెలుగులో ఆ మాట దానితో అనే మనిషే లేదు. అది దాని సొంత మాట.

నిన్న పరీక్ష. పొద్దున్న పాకెట్టు తీసేసరికి గోడకి ఆనుకుని నిలబడి, లాగు నడుము దగ్గర రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు. నన్నే చూస్తోంది. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. ఎదురు తిరిగానని అనుకోకు. ధైర్యం కాదు, చేతకాలేదు. దానికి బదులు తెలివిగా ఇంకో పని చేశాను, నీళ్ళు ఇవ్వలేదు. నా బస్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? తీరా వెళ్ళాక టీచరమ్మ కప్పులో టీ అంతా ఇదే తాగేసింది.

పెద్దాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒక పొడుగాయన, ఒక కళ్ళద్దాలావిడ. టీచరమ్మ లోపల, నేను అద్దం వెనక. మొదట్లో ఎంత బాగా చేసిందో అక్కా! దొంతర గోడ కట్టినట్టు నిలబడింది. పొడుగాయన కళ్ళద్దాలావిడని మోచేత్తో పొడిచి చూపించాడు. మీసాలాయన వచ్చి ఒక మోపు గుమ్మరించాడు. కాసేపటికి ఇంకొకటి. అప్పుడు చిలక ఆగింది. సగం మడిచిన తువ్వాలు చేతిలోనే ఉంది. ఒక కాలి మీద ఇంకో కాలు వేసింది. నాకు ప్రాణం పోయింది. అయిపోయింది, అందరి ముందూ తడిసిపోతుంది, నా వల్లే అనుకున్నాను. తలుపు మీద రెండు చేతులూ ఆన్చాను గానీ తొయ్యలేదు. తోస్తే పరీక్ష పోతుంది, తొయ్యకపోతే పరువు పోతుంది. అలా నిలబడే ఉన్నాను, దండగ మనిషిని.

అది బుట్టలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. మడతపెట్టని తువ్వాలు తిరిగి బుట్టలో వేసేసింది. పక్కనున్న పొడుగాయనతో ఏదో అంది. తిన్నగా నడిచి వచ్చి తలుపు తోసింది, ఆ తలుపు నా ముక్కుకి తగిలింది. నన్ను దాటుకుని నడవా చివర ఆడబొమ్మ ఉన్న తలుపు చూసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. అక్కడికి దాన్ని నేనెప్పుడూ తీసుకెళ్ళలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చేతులు కడుక్కుని, లాగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేను పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

పొడుగాయనతో ఏమందో టీచరమ్మ తర్వాత చెప్పింది. "ఇది ఖాళీ అవదు" అందట.

అది తిరిగి వచ్చేసరికి వాళ్ళు రాసేశారు. పని మధ్యలో, చెప్పకుండా విడిచి వెళ్ళింది, అని. చెప్పింది కదండీ అని టీచరమ్మ వాదించింది. మాకు అర్థమయ్యేలా చెప్పలేదు అన్నారు. అయిదు నిమిషాలు కూడా కాలేదండీ అంది. నిమిషాల సంగతి కాదు, ఆగకుండా చేస్తుందన్నారనే కదా ఇంతదూరం వచ్చాం అన్నారు. సూపర్వైజరమ్మ వచ్చి చిలకని కావలించుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆవిడ చెయ్యగలిగింది అంతే. నేను నోరు తెరిచాను. నాకొచ్చిన తిట్లన్నీ తెలుగులో ఉన్నాయి. మూసుకున్నాను.

ఉద్యోగం రాలేదక్కా. ఆ పొద్దున్న నీ మాట విని వేసి ఉంటే వచ్చేది. ఇది నిజం. నన్ను ఏమైనా అను, పడతాను. ఎల్లుండి బయల్దేరుతున్నాం.

నీ చెల్లెలు

చెల్లీ,

ఉద్యోగం పోయిందన్నచోట కాగితం పక్కన పడేశాను. రోజంతా నీతో మనసులో పోట్లాడాను. అబద్ధం ఎందుకు, నీ మొహం చూడకూడదని కూడా అనుకున్నాను. సాయంత్రం మళ్ళీ తీసి చదివితే అప్పుడు కనబడింది. తనంతట తనే వెళ్ళిందా? లోపల గడియ పెట్టుకుందా?

నీకు ఇది ఎంతో తెలియదే. ఇన్నేళ్ళుగా నేను గడియారం చూసి అడుగుతున్నాను. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆస్పత్రిలో మా ఆయన ఆఖరి రోజున కూడా లేచి వెళ్ళి అడిగాను. నేను అడగకపోతే దానికి ఆ అవసరమే తెలియదనుకున్నాను. అడిగి అడిగి, దానికి తెలిసే అవకాశమే నేను ఇవ్వలేదేమో. ఇప్పుడు ఎవరిని అడగను?

ఇక ముందు ఎలా అంటావేమో, నాకు తెలియదు. మళ్ళీ కొట్లెక్కుతాను, మళ్ళీ చాక్లెట్లు ఇస్తారు. అంతకంటే ఆశ పెట్టుకునే ఓపిక లేదు. నేను పోయిన మర్నాటి సంగతి అక్కడే ఉంది, ఒక్క అంగుళం కదల్లేదు.

విమానం దగ్గరికి వస్తాను. అక్కణ్ణుంచి ఇంటికి చాలా దూరం కదా, దారి పొడుగునా అది ఎలా కూర్చుంటుందో, కాళ్ళు ఎలా పెట్టుకుంటుందో చూస్తూ ఉంటాను. కానీ అడగను. ఆగలేనని నాకు తెలుసు, అందుకే నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. నేను నోరు తెరవబోతే గట్టిగా గిల్లు. రక్తమొచ్చినా వదలకు. తడిస్తే తడవనీ, నేను ఉతుకుతాను. వెళ్ళాలో లేదో దానంతట అదే చెప్పాలి.

మీ అక్క